తేరు వీధిలో దేవేంద్రప్ప లైను

తిప్పనగుండ్లకు కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరింటికైనా దారి చెప్పాలంటే ఊరివాళ్లు తలెత్తి పైకి చూస్తారు. "ఆ నల్ల వైరు పట్టుకొని పో, మూడో స్తంభం కాడ కిందికి దిగుతుంది, అదే ఇల్లు" అంటారు. ఆ వైరు దేవేంద్రప్పది. ఆదోని నుంచి లోపలికి వస్తే తగిలే ఈ ఊళ్లో స్తంభాలు ఎన్ని ఉన్నాయో కరెంటు ఆఫీసుకు తెలుసో లేదో గాని, దేవేంద్రప్పకు మాత్రం ఏ స్తంభం ఏ వైపుకు ఒరిగిందో కూడా తెలుసు. అన్నీ ఎక్కి దిగినవాడు.

మనిషికి యాభై రెండేళ్లు. సన్నగా, నల్లగా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కటింగ్ ప్లేయర్ ఉంటుంది. పెళ్లిలో అక్షింతలు వేసేటప్పుడు కూడా అది జేబులోంచి తొంగి చూస్తూనే ఉంటుంది. "పీటల మీద కూచున్నప్పుడు గూడా ఉండె. నేను తాళిబొట్టు అనుకుంటి" అని భార్య సోమక్క చెబుతుంది. సోమక్క మాటల్లో సగం అబద్ధమే అయినా వినడానికి బాగుంటుంది కాబట్టి ఎవరూ అడ్డం చెప్పరు.

దేవేంద్రప్ప చదువు ఏడో తరగతి దాకా. అది కూడా ముక్కలు ముక్కలుగా సాగింది. ఈ పక్క ఊళ్లలో వానలు లేని కాలంలో ఇళ్లకు తాళాలు వేసుకుని, గుంటూరు వైపు మిరప కోతలకో, బెంగళూరు వైపు కట్టడం పనులకో కూలికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. అమ్మానాన్నలు పోతే పిల్లాడూ పోవాల్సిందే. అట్లా బెంగళూరులో ఒక మేడ కడుతున్నప్పుడు, ఇటుకలు మోయాల్సినవాడు వైర్లు లాగే మేస్త్రీ వెనకాల తిరగడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న రెండు తగిలించినా వినలేదు. ఇరవై రెండేళ్లకు ఒక పెద్ద గొడుగంత డిష్షు తెచ్చి ఊళ్లో మిద్దె మీద పెట్టి, ఇంటింటికీ కేబులు టీవీ లాగాడు. ఆ పదేళ్లూ ఆయన దొరే. సీరియల్ మధ్యలో బొమ్మ పోతే ఊరి ఆడవాళ్లంతా ఆయన ఇంటి ముందు చేరేవాళ్లు.

తర్వాత ఎవరి మిద్దె మీద వాళ్లకు చిన్న చిన్న డిష్షులు వచ్చాయి. దేవేంద్రప్ప వైరు మీద బట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు. "ఆ వైరంతా చుట్టి పాత సామాన్లోనికి ఏసి ఇంగొక ఎనుమును కట్టేసుకుందాం" అని సోమక్క పోరింది. దేవేంద్రప్ప ఒప్పుకోలేదు. వైరు చుట్టడానికి మనసు రాక, దాన్ని అట్లాగే స్తంభాల మీద వదిలేసి, మోటార్లు బాగు చేసుకుంటూ ఏళ్లు లాక్కొచ్చాడు.

కరోనా వచ్చి బెంగళూరు, హైదరాబాదు ఆఫీసులు మూసేసినప్పుడు ఊరి పిల్లలంతా ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని దిగారు. ఇంట్లో సిగ్నలు లేదు. బసవరాజ్ అనే పిల్లాడు, అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఊరి బయట పెద్ద రాతిగుండు మీదికి ఎక్కి, గొడుగు కట్టుకుని రెండు నెలలు అక్కడే ఉద్యోగం చేశాడు. మేకల వాళ్లు అతన్ని చూసి, ఇంట్లో కొట్లాడి వచ్చాడనుకుని, రోజూ సద్ది పెట్టేవాళ్లు. దేవేంద్రప్ప ఒకరోజు ఆ గుండు కింద నిలబడి పైకి చూశాడు. మరునాడు ఆదోని పోయాడు. నెల తిరిగేసరికి వెంట్రుకంత సన్నటి గాజు దారం లోపల ఉండే కొత్త లైను తెచ్చి పాత స్తంభాల మీద లాగాడు. ఆ దారాన్ని అతికించే మిషను వాడడం నేర్చుకున్నాడు. ఈరోజుకీ ఆయనకు కంప్యూటరు వాడడం రాదు. అవసరమూ లేదంటాడు. ఆయన పని ఇంటి గోడ దాకానే.

ఇప్పుడు ఆ లైను మీద పద్నాలుగు ఇళ్లు బతుకుతున్నాయి. కరోనా పోయినా పిల్లలు పూర్తిగా పోలేదు. కొందరు వారానికి రెండు రోజులు బెంగళూరు పోయి వస్తారు, కొందరు నెలకోసారి ముఖం చూపించి వస్తారు. ఊరు కూడా దానికి తగ్గట్టు మారింది. తలుపుకు టవలు కట్టి ఉందంటే లోపల మీటింగు జరుగుతోందని అర్థం. ఆ ఇంటి ముందు ఆకుకూరలామె అరవదు, ఎనుమును తిట్టాలన్నా గొంతు తగ్గించి తిడతారు. టీ అంగడి పుల్లన్న పదకొండు గంటలకు రెండో దఫా టీ కాస్తున్నాడు, ఎందుకంటే అప్పుడే అందరూ ఒకేసారి బయటికి వస్తారు. అత్తగారు పిలిస్తే పలకకుండా ఉండడానికి కూడా మీటింగు పనికొస్తోంది. అది మాత్రం దేవేంద్రప్ప తప్పు కాదు.

ఆ పద్నాలుగు ఇళ్లలో నాగలతది ఒకటి. ఆమె ఈ ఊరికి కోడలుగా వచ్చింది. భర్త ఉమామహేశ్‌కు ఆరెకరాల మిరప తోట ఉంది, బడికి పోయే పిల్లలు ఇద్దరు. ఒక బెంగళూరు కంపెనీకి ఇన్సూరెన్సు కాయితాల్లో తప్పులు పట్టే పని ఆమెది. మొదలుపెట్టి మూడేళ్లు. తప్పులు పట్టడానికి ఆమె పెట్టింది పేరని ఉమామహేశ్ చాలా వినయంగా ఒప్పుకుంటాడు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో కంపెనీ కొత్త కట్టడి పెట్టింది. ఏప్రిల్ నుంచి అందరూ వారానికి మూడు రోజులు బెంగళూరు ఆఫీసులో కూర్చోవాలి, లేదంటే పని మానుకోవాలి. నాగలత తనను ఇంటి నుంచే చేయనివ్వమని పెద్ద సారుకు రాసుకుంది. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. నీ పనిలో తప్పు లేదమ్మా, కానీ పల్లెటూరి లైనును నమ్ముకుని ఎట్లా? ఒక శుక్రవారం సాయంత్రం అయిదింటికి నీ పనంతా నాకు తెర మీద చూపించు, నీ లైను ఎట్లా ఉంటుందో కూడా చూస్తా అన్నాడు.

ఆ శుక్రవారమే ఊళ్లో రామలింగేశ్వర స్వామి తేరు.

సారు జవాబు వచ్చిన మరునాడు పొద్దున్నే నాగలత దేవేంద్రప్ప ఇంటికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు. "మామా, ఆ పొద్దు లైను ఒగసారి తెగినా నా పని పోయినట్టే. తేరు వస్తే నువ్వు వైరు విప్పేస్తావు గదా, ఎట్ల?" అంది.

ఆమె భయంలో న్యాయం ఉంది. లైను ఊళ్లోకి తూర్పు నుంచి వస్తుంది. ఇళ్లన్నీ పడమట ఉన్నాయి. మధ్యలో తేరు వీధి. వీధి నడిమధ్యలో ఒకచోట లైను ఆ వైపు స్తంభం నుంచి ఈ వైపు స్తంభానికి దాటాలి. స్వామి తేరు రెండంతస్తుల మేడకన్నా ఎత్తు. అందుకని ప్రతి ఏడూ తేరు అక్కడికి వచ్చే ముందు దేవేంద్రప్ప ఒకవైపు స్తంభం మీది డబ్బా దగ్గర లైను విప్పి, చుట్టి పక్కన పెడతాడు. తేరు దాటాక మళ్లీ కడతాడు. అదంతా అయ్యేసరికి గంట పడుతుంది. పోనీ ఫోను సిగ్నలు మీద చేద్దామంటే, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చేరే ఆ రోజు ఫోను పలకను కూడా పలకదు.

దేవేంద్రప్ప నవ్వాడు. "నువ్వు ఈ ఊరికి వచ్చి ఎన్నేండ్లాయమ్మా?"

"పన్నెండు."

"పన్నెండేండ్లలో తేరు ఎప్పుడన్నా టయానికి కదిలిందా?"

నాగలత ఆలోచించింది. ఆమె ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. నిజమే మరి. కరపత్రంలో ప్రతి ఏడూ సాయంత్రం నాలుగున్నర అనే వేస్తారు. తేరు కదిలేది ఆరున్నరకు. ఒక ఏడాది తేరు లాగే మోకు కనపడలేదన్నారు, ఒక ఏడాది పూలు రాలేదన్నారు, ఒక ఏడాది ఏ కారణమూ చెప్పలేదు. తేరు చక్రాల కింద చెక్క మొద్దులు వేసి ఆపడం, తీసి వదలడం పెద్ద ఈరన్న పని. ఆ ముసలాయన మొద్దు మీద కూర్చుని, ఆకు వక్క నములుతూ, రోడ్డు వైపు చూస్తూ "ఉండండప్పా, ఉండండి" అంటాడు. ఆయన లేచేదాకా స్వామి కూడా కదలడు.

"ఏడు గంటల దాకా ఆ తేరు నా వైరు కాడికి రాదు. నా మాట మీద నమ్మకం పెట్టుకొని పో" అన్నాడు దేవేంద్రప్ప.

"తేరు మోకు ఏమన్నా నీ చేతిలో ఉండాదా?" అని సోమక్క పొయ్యి దగ్గర నుంచే అడిగింది. ఆయన వినిపించుకోలేదు.

ఆయన లెక్కలో ఒక్కటే తప్పింది. ఆ ఏడాది తేరు పనులు చూసేది పెద్దమనుషులు కాదు. ఇంటి నుంచి పనులు చేసుకునే పిల్లలు ఊళ్లోనే ఉంటున్నారు కదా అని, పెద్దలు విసిగిపోయి అంతా వాళ్ల నెత్తిన పెట్టారు. వాళ్లకు నాయకుడు, గుండు మీద ఉద్యోగం చేసిన బసవరాజ్. ఆ పిల్లలు ఆఫీసు పనికి పెట్టినట్టే తేరుకూ పొద్దునొక మీటింగు, సాయంత్రం ఒక మీటింగు పెట్టారు. మోకు ఎవరు తేవాలి, పూల బండికి ఎవరు ఎదురుపోవాలి అని పట్టీ రాశారు. ఏ నిమిషానికి ఏం జరగాలో వేసి అందరి ఫోన్లకూ పంపారు. అందులో "5:05 – వైరు విప్పేది, దేవేంద్ర మామ" అని కూడా ఉంది. దేవేంద్రప్ప దాన్ని పుల్లన్న అంగడిలో పదిమందికి చూపించి, "సూడప్పా, స్వామికి గూడా టయాలు రాస్తాండారు" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. పుల్లన్న కూడా నవ్వాడు. తిప్పనగుండ్లలో పుట్టినవాడెవడైనా నవ్వేవాడే.

శుక్రవారం నాలుగున్నరకు దేవేంద్రప్ప నాగలత ఇంట్లో నెట్టు డబ్బా వెనకాల దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూసి, నింపాదిగా టీ తాగుతున్నాడు. దూరంగా డోళ్లు మోగాయి. తర్వాత వేల గొంతులు ఒక్కసారిగా హరహరా అన్నాయి. "పిల్లోళ్లు ఊరికే అరుస్తాండారు" అన్నాడు.

సోమక్క కొంగు బిగించి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమప్పా, ఈడ కూచొని టీ తాగుతాండావా? ఆడ తేరు కదిల్యా!"

"యాడ కదిల్యా?"

"యాడ కదులుతుంది, వీధిలోనే! పూజారి ఇంగా తల గూడా తుడుచుకోలేదంట, ఆ పిల్లోళ్లు ఎత్తి తేరు మీద కూచోబెట్టినారు."

దేవేంద్రప్ప వేడి టీ గడగడా తాగేశాడు. నాలుక కాలిన సంగతి ఆయనకు మరునాడు తెలిసింది. లోపలి గదిలో నాగలత మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. తలుపుకు టవలు కట్టి ఉంది. ఉమామహేశ్ చెప్పబోతే దేవేంద్రప్ప అతని నోరు మూసి బయటికి లాక్కొచ్చాడు.

"ఆ యమ్మకు చెప్పొద్దు. చెప్తే గుండె ఆగుతుంది. నువ్వు మిద్దె మీదికి పో. మీటింగు జరిగినంతసేపూ ఎర్ర టవలు ఎత్తి పట్టు. అయిపోతానే తెల్ల టవలు ఊపు. నేను వైరు కాడి నుంచి సూస్తాంటా."

"చిన్నాయనా, మా ఇంట్లో ఎర్ర టవలు లేదు" అన్నాడు ఉమామహేశ్ దిగులుగా.

"మీ యమ్మ పాత ఎర్ర రైక అన్నా ఎత్తి పట్టుకో, పో!"

తేరు వీధి కిక్కిరిసి ఉంది. దేవేంద్రప్ప జనం మోచేతుల కింద నుంచి దూరి ముందుకు చేరాడు. స్వామి తేరు పూలతో, జెండాలతో, ఏ ఏడూ లేనంత హుషారుగా వస్తోంది. బసవరాజ్ మెడలో ఈల, చేతిలో ఫోను పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "దేవేంద్ర మామా! ఎనిమిది నిమిషాలు ముందే ఉండాం!" అని అరిచాడు.

దేవేంద్రప్ప అతని చెవిలో సంగతంతా చెప్పాడు. బసవరాజ్ ముఖం మాడిపోయింది. అతనికి అర్థం కాకపోవడమేమీ లేదు. ఆ లైను మీద బతికేవాళ్లలో అతనూ ఒకడు, ఆఫీసుకు రమ్మనే ఉత్తరం అతని కంపెనీ నుంచి కూడా ఏదో ఒకరోజు రాబోతోంది. "నేను ఈల వేస్తే నిలబడరు మామా. మోకు మీద అయిదారు వందల మంది ఉండారు. ఇది ఆగాలంటే పెద్ద ఈరన్న తాత మొద్దు వేయాల" అన్నాడు.

దేవేంద్రప్ప తేరు చక్రం పక్కన వంగి నడుస్తున్న ముసలాయన దగ్గరికి పోయాడు. నడుస్తూనే చెప్పాడు. ఈరన్న చెవి కొంచెం మందం. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఊరికే ఆపకూడదప్పా" అన్నాడు ఈరన్న. "స్వామిని నడిదారిలో ఊరికే నిలబెట్టే హక్కు నాకు ల్యా." రెండడుగులు నడిచి, ఆకు వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "టెంకాయ వస్తే ఆపుతా. ఈ వీధిలో ఇంటి ఆడమనిషి టెంకాయ తెచ్చి ఎదురు నిలిస్తే దాటించుకొని పోయే హక్కు గూడా నాకు ల్యా" అన్నాడు. అని మళ్లీ చక్రం వైపు చూసుకున్నాడు, తానేమీ చెప్పనట్టు.

దేవేంద్రప్ప సోమక్కను వెతుక్కుంటూ వెనక్కి పరిగెత్తాడు. 

పిల్లల పట్టీలో టెంకాయలకు నాలుగే నాలుగు చోట్లు రాసి ఉన్నాయి. కానీ ఆచారం ముందర పట్టీ ఎంత! సోమక్కకు అరమాట చెబితే చాలింది. ఆమె వీధిలో టెంకాయలమ్మే రామేశ్వరమ్మ గంప మీద చేయి వేసి "ఇదంతా నాది" అంది. వీధికి రెండు పక్కలా ఉన్న ఇళ్లలోకి వెనక వాకిళ్ల నుంచి దూరింది. ఏ ఇంట్లో ఏం చెప్పిందో దేవుడికి తెలుసు. ఒక ఇంట్లో నాగలత కథ చెప్పిందట, ఇంకో ఇంట్లో స్వామి కలలోకి వచ్చాడని చెప్పిందట.

వైరుకు ఇరవై బారల దూరంలో మొదటి పళ్లెం అడ్డం వచ్చింది. ఈరన్న మొద్దు వేశాడు. తేరు గుద్దుకుని ఆగింది. పై నుంచి పూజారి వంగి, టెంకాయ అందుకుని కొట్టి, హారతి ఇచ్చి, చిప్ప తిరిగి ఇచ్చాడు. మొద్దు తీశారు. తేరు రెండడుగులు వేసింది. రెండో పళ్లెం. మొద్దు. మూడో పళ్లెం. ఎన్నేళ్లుగానో మాటలు లేని తోడికోడళ్లు పక్కపక్కన నిలబడి "నువ్వు ముందు పో అక్కా" అంటే "లేదు, నువ్వే పో" అని మర్యాద చేసుకున్నారు. అందులోనే నాలుగు నిమిషాలు గడిచాయి. ఒకామె రెండోసారి పళ్లెం తెచ్చింది.

"ఏమమ్మా, ఇప్పుడే గదా ఇస్తివి?" అన్నాడు పూజారి.

"అది నా పేరున సామీ. ఇది మా ఎనుము పేరున. ఈనేది ఉండాది."

దేవేంద్రప్ప స్తంభానికి నిచ్చెన వేసుకుని సగం ఎక్కి నిలబడ్డాడు. ఒక కన్ను తేరు మీద, ఒక కన్ను మిద్దె మీద. మిద్దె మీద ఎర్ర రైక ఎగురుతోంది. అయిదున్నరయింది. అర్ధగంటలో అయిపోతుందన్న మీటింగు అయిపోలేదు. అయిదూ ముప్పావయింది. ఎర్ర రైకే. ఆయన వైరును తడిమి చూసుకున్నాడు. ఎక్కడైనా తన లైనే సతాయించి, ఆ పిల్ల మొదటి నుంచి మళ్లీ చెప్పుకుంటోందేమో అన్న అనుమానం పట్టుకుంది.   ఏడు గంటల దాకా రాదని తాను చెప్పిన మాట, నమ్మకం పెట్టుకొని పో అన్న మాట, ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆ పిల్ల నమ్మింది. నమ్మి మంచి చీర కట్టుకుని కూర్చుంది.

అయిదూ యాభైకి సోమక్క జనంలోంచి రెండు చేతులూ పైకెత్తి ఆడించింది. టెంకాయలు అయిపోయాయి. తేరు వైరుకు పది బారల్లో ఉంది. మోకు పట్టినవాళ్లు ఓపిక చచ్చి హరహరా అని కేకలు పెడుతున్నారు. దేవేంద్రప్ప నిచ్చెన దిగి, వట్టి చేతులతో పెద్ద ఈరన్న ముందుకు పోయి నిలబడ్డాడు. 

ఈరన్న ఆయన చేతుల వైపు చూశాడు. వేసిన మొద్దు తీయలేదు. దాని మీద నిదానంగా కూర్చుని, సంచీలోంచి ఆకు తీసి సున్నం రాసుకున్నాడు. "ఉండండప్పా, ఉండండి" అన్నాడు మోకు వైపు చేయెత్తి. ఏళ్ల తరబడి విన్న మాట కాబట్టి, జనం గొణుక్కుంటూనే మోకు వదులు చేశారు.

"లేయ్ దేవేంద్రా, నేను ఏటేటా ఏంటికి లేటు చేస్తాననుకుంటివి?" అన్నాడు ఈరన్న మెల్లగా. "ఆదోని నుంచి ఆరు గంటల బస్సు ఉండాది సూడు, దాని కోసరం. సుగ్గికి పోయినోళ్లు, బెంగళూరుకు పోయినోళ్లు దాంట్లోనే దిగుతారు. మీ అమ్మా నాయనా ఒగ ఏడు అట్లనే దిగి, నిన్ను సంకనేసుకొని పరిగెత్తుకుంటా వచ్చి మోకు పట్టుకొన్యారు. వాళ్లు రాకముందే తేరు పోతే ఎట్లప్పా, పాపం? ఈ ఏడు బసవరాజు వచ్చి, తాతా, పిల్లోళ్లంతా ఊర్లోనే ఉండారు, ఇంగ ఎవురి కోసరం ఆగల్ల అన్న్యాడు. నిజమే గదా అని కదిలిచ్చినా."

ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "బయటుండే వాళ్ల కోసరం ఇన్నేండ్లు ఆపితి. ఇంట్లో ఉండే పిల్ల కోసరం పది నిమిషాలు ఆపలేనా?"

దేవేంద్రప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. తన చిన్నప్పటి ఆ బస్సు దిగడం ఆయనకు గుర్తు లేదు, కానీ అమ్మ సంకలో కూర్చుని చూసిన మోకు, దాని మీద వరసగా చేతులు మాత్రం ఎప్పుడూ గుర్తే. అది ఏ ఏడో, ఎట్లా అందుకున్నారో ఇప్పుడే తెలిసింది.

సరిగ్గా అప్పుడు రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ఊళ్లో అందరూ ఉన్నారన్న బసవరాజ్ పట్టీలో లేని మనుషులు దిగారు. గుంటూరు మిరప కోతల నుంచి ఎనిమిది కుటుంబాలు, నెత్తిన మూటలతో, చంకల్లో బిడ్డలతో. ల్యాప్‌టాపులో పట్టే పనులు ఊరికి వచ్చాయి గాని మిరపకాయలు ఇంకా చెట్టు దగ్గరికి పోయే కోయాలి. తేరు ఇంకా వీధిలోనే ఉండడం చూసి వాళ్లు మూటలు పుల్లన్న అంగడి ముందు పడేసి పరిగెత్తుకుంటూ వచ్చారు. బసవరాజ్ వాళ్లను చూశాడు, చేతిలోని ఫోను చూసుకున్నాడు, ఫోను జేబులో పెట్టేశాడు. మోకు దగ్గర జరిగి వాళ్లకు చోటిచ్చాడు.

మిద్దె మీద ఉమామహేశ్ తెల్ల టవలు ఊపాడు. ఊపడం కాదు, గంతులు వేశాడు.

దేవేంద్రప్ప నిచ్చెన ఎక్కిన వేగం చూసి ముసలివాళ్లు కూడా ఆశ్చర్యపోయారు. డబ్బా తెరిచి లైను విప్పి, రెండో వైపుకు పోయి చుట్టలు చుట్టాడు. పద్నాలుగు ఇళ్లలో నెట్టు పోయింది. ఒక్కరూ వచ్చి అడగలేదు, ఎందుకంటే నాగలత ఇల్లు తప్ప మిగతా ఇళ్ల వాళ్లంతా మోకు మీదే ఉన్నారు. ఈరన్న మొద్దు తీశాడు. స్వామి తేరు ఖాళీ ఆకాశం కింద దడదడమని దాటిపోయింది.

నాగలత చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. చేతిలో ఇంట్లోంచి తెచ్చిన టెంకాయ. తేరు దాటిపోయింది కాబట్టి దాన్ని దేవేంద్రప్ప స్తంభం మొదట్లోనే కొట్టింది. దేవేంద్రప్ప వైరు చుట్ట భుజాన వేసుకుని, ఆమె ముఖం చూడడానికి భయపడుతూ నిలబడ్డాడు.

"నా లైను సతాయించిందా అమ్మా? ఏంటికి అంత సేపాయ?"

"నీ లైను కాదు మామా. సారుదే!" ఆమె నవ్వుతూ ఏడుస్తోంది. "అందర్నీ ఆఫీసుకు రమ్మనే సారు, ఈ పొద్దు శుక్రవారమని తానే ఇంటి కాడి నుంచి మాట్లాడినాడు. వాళ్ల వీధిలో రోడ్డు తవ్వుతాండారంట. మూడు సార్లు తెగిపాయ. మూడు సార్లూ, సారీ అమ్మా, యాడ ఉంటిమి మనం అనుకుంటా వచ్చినాడు. నేను కదలకుండా అట్లనే కూచొని ఉంటి. ఆఖర్లో ఏమన్న్యాడో తెలుసునా? మీ ఊరి లైను మా ఇంటి లైను కంటే నయం, నువ్వు ఆడనే ఉండి చేసుకోమ్మా అన్న్యాడు."

దేవేంద్రప్ప వైరు చుట్టను భుజం మీంచి కిందికి దించాడు. తర్వాత, "ఏమన్న్యాడు? ఇంగోసారి చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆ రాత్రికి ఊళ్లో ఆ మాటను ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. సోమక్క మాత్రం, "లైనుది ఏముండాది, టెంకాయలు మోసినది ఎవురు?" అని అడిగింది. 

మరుసటి ఏడు బసవరాజ్ పిల్లలు మళ్లీ పట్టీ వేసి అందరి ఫోన్లకూ పంపారు. ఈసారి తేరు కదిలే చోట నిమిషాలు లేవు. "ఆరు గంటల బస్సు వచ్చినాక" అని ఉంది. దాని కింద, "వైరు విప్పేది – దేవేంద్ర మామ, నాగలతక్కను అడిగినాక" అని ఉంది. దేవేంద్రప్ప దాన్ని పుల్లన్న అంగడిలో అందరికీ చూపించాడు. ఈసారి నవ్వలేదు. సంతోషంగా మడిచి జేబులో పెట్టుకోబోయి, అది ఫోనని గుర్తొచ్చి, కటింగ్ ప్లేయర్ పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాడు.